గేటుకు అటూ ఇటూ

“మాట్లాడవే! పొద్దున్నించి అడగతా ఉండా. తింటావా, తినవా? అదన్నా చెప్పు!”

దేవకమ్మ చేతిలో సంగటి గిన్నె ఉంది. ముద్ద మీద పోసిన పులుసు చల్లారి చాలాసేపయింది. ఎదురుగా నిట్రాట గుంజకు ఆనుకుని కూర్చున్న లిదియమ్మ గిన్నె వైపు చూసింది, పెద్దమ్మ వైపు చూసింది, మళ్ళీ తల దించుకుంది.

పదహారేళ్ళ పిల్ల. తల్లిని మట్టి చేసిన మర్నాడు ఇల్లు చేరింది. అప్పటి నుంచి అవునంటే తల నిలువుగా, కాదంటే అడ్డంగా. ఏడుపూ లేదు, మాటా లేదు.

“మీ అమ్మ పోయింది, సరే. నా చెల్లెలు పోలేదా? నా కడుపు కాల్లేదా? నేను ఏడస్తా ఉండా, తింటా ఉండా, తిడతా ఉండా. మనిషన్నాక అట్ట చేస్తాది. నువ్వేందే, బొమ్మ మాదిరి?”

దేవకమ్మది చప్పుడు చేసే దుఃఖం. కొండాపురం నుంచి వచ్చి చెల్లెలి శవం మీద పడిన క్షణం నుంచి ఆ నోరు మూతపడలేదు. పాపం, ఆమెకు తెలిసిన ఓదార్పు అదొక్కటే. ఈ వారం రోజుల్లో వైద్యుణ్ణి తిట్టింది, జ్వరాన్ని తిట్టింది, మరిదిని తిట్టింది. అందరికంటే ఎక్కువగా ఆత్మకూరు సిస్టర్లను తిట్టింది.

“ఆ తెల్లగుడ్డలోళ్ళు నేర్పిన చదువు ఇదంతా! నోరు మూసుకోని కూర్చునేది నేర్పించేదానికి బడి కావాల్నా? గొడ్లకు ఎవరు నేర్పించినారు?”

“వదినా, పిల్లను వదిలిపెట్టు. ఆకలైతే అదే తింటాది.”

వాకిట్లో వరప్రసాదం నిలబడి ఉన్నాడు. పాళెంలోని క్రైస్తవులకు ఆయన ఉపదేశి. పూజ చెప్పే స్వాములవారు నెలకొకసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మిగతా రోజుల్లో ప్రార్థన చెప్పేది, పిల్లలకు జ్ఞానోపదేశం చదివించేది, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని జపాలు చదివేది ఆయనే. పోయిన శనివారం తెల్లారుజామున తన భార్యకు కూడా ఆయనే చదివాడు.

“నువ్వు గమ్మునుండు ప్రసాదం. నీ మెత్తదనమే కదా కొంప ముంచింది! గేటు కాడ ఆ ఆడోళ్ళు పొమ్మంటే తల ఊపుకుంటా తిరిగొచ్చినావు. నేనైతే ఆ గేటు పెరికి భుజాన ఏసుకోని వచ్చేదాన్ని, బిడ్డతో సహా.”

వరప్రసాదం భుజం మీది తువాలు తీసి, దులిపి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు.

పాళెమంతా నమ్మిన సంగతి అదే. ఏటా ఒకసారి, లిదియమ్మ ఉండి చదువుకునే ఆ సిస్టర్ల బడిలో పెద్దపిల్లలకు ధ్యానాలు పెడతారు. గురువారం సాయంత్రం గంట కొడితే మౌనం మొదలు. ఆదివారం పూజ అయ్యాక విడుస్తారు. ఆ రోజుల్లో పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడరు, ఉత్తరాలు చూడరు, బయటివాళ్ళను కలవరు. సిస్టర్లు దాన్ని రిట్రీటు అంటారు, పాళెం వాళ్ళు మౌనం అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే లిదియమ్మ తల్లి వెంగమ్మకు విషజ్వరం ముదిరింది. శుక్రవారం వరప్రసాదం ఆత్మకూరు పోయాడు. ఒంటరిగా తిరిగొచ్చాడు. సిస్టర్లు పంపించి ఉండరులే అని పాళెం దానంతట అదే అనుకుంది. ఆయన అవుననలేదు, కాదనలేదు.

“ఇయ్యాల సిస్టరమ్మ వస్తా ఉండాది,” అన్నాడు నెమ్మదిగా. “రోశయ్యతో కబురు చేసింది.”

“ఎందుకంట?”

“లిదియమ్మను తీసకపోయేదానికి. ఈ వారం దాటితే పెద్దపరీక్షకు కూర్చోనీరంట.”

“రానీ! ఆ మొగం నేనూ చూడాల్సిందే. పిల్లను మాత్రం పంపించేది లేదు. నాతో కొండాపురం తీసకపోతా. శెనక్కాయలు ఒలుచుకోని బతకతాది. మనుషుల్లో ఉంటాది, మాటా పలుకూ వస్తాది.”

“వెంగమ్మకు ఒకటే కోరిక, వదినా. నీకు తెలవదా?”

తెలియకేం, దేవకమ్మకు బాగా తెలుసు. కూతురు చదివి ఈ పాళెం బడిలోనే టీచరు కావాలని వెంగమ్మ కోరిక. టీచరు కావాలి అనేది కాదు ఆమె. “కుర్చీలో కూచోవాల” అనేది. రెడ్డిగారి కళ్ళంలో ఒళ్ళొంచి పనిచేసే మనిషి. ఆ ఇంటి అరుగు కూడా తనవాళ్ళను ఎక్కనివ్వరు. తన కడుపున పుట్టిన పిల్ల కుర్చీలో కూర్చుంటే పెద్దోళ్ళ పిల్లలు నిలబడి పాఠం ఒప్పజెప్పాలి. ఆ మాట చెప్పేటప్పుడు వెంగమ్మ తన వీపు కూడా కాస్త నిటారు చేసుకునేది.

దేవకమ్మ గిన్నె కింద పెట్టి చెంగు నోట్లో కుక్కుకుంది.

---

పొద్దు నడినెత్తి దాటాక గూడుబండి వచ్చి వేపచెట్టు కింద ఆగింది. బండి తోలే రోశయ్యది ఈ పాళెమే, కొలువు సిస్టర్ల దగ్గర. అతను ఎద్దులను విప్పుతుండగా సిస్టర్ బెర్నదీత దిగింది. గుంటూరు వైపు మనిషి. తెల్లటి బట్టల మీద దారి దుమ్మంతా ఉంది.

దేవకమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“రామ్మా, రా! ఇప్పుడు తెలిసిందా ఈ ఇంటికి దారి?”

“మీరు లిదియ పెద్దమ్మగారా? మీ దుఃఖం నాకు అర్థమవుతుందమ్మా...”

“ఏం అర్థమైంది నీకు? నీకు బిడ్డలా? తల్లి మంచంలో ఉండాది, బిడ్డను పంపించండమ్మా అని ఈ మనిషి మీ గేటు కాడికొస్తే పొమ్మంటారా? ఏ దేవుడు చెప్పినాడమ్మా మీకు? ఆ దేవుణ్ణి ఈడికి రమ్మను, నేనడగతా!”

సిస్టర్ ముఖంలో మొదట కనిపించింది కోపం కాదు. ఏమీ తోచనితనం.

“గేటు దగ్గరికా? ఎవరు వచ్చారమ్మా? ఎప్పుడు?”

“నాటకాలాడొద్దు!”

“సిలువ మీద ప్రమాణంగా నాకు తెలియదు. తల్లికి జబ్బని మాకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం పూజ అయ్యాక రోశయ్య చెప్తేనే తెలిసింది, అప్పటికే అంతా అయిపోయిందని.” ఆమె వరప్రసాదం వైపు తిరిగింది. “ఉపదేశిగారూ, మీరు వచ్చారా?”

రోశయ్య ఎద్దు మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

“వచ్చినానమ్మా,” అన్నాడు వరప్రసాదం. “శుక్రవారం.”

“ఎవరితో మాట్లాడారు?”

“గేటు కాడ కావిలుండే అలివేలమ్మ ఉండింది. మౌనం నడస్తా ఉండాది, ఆదివారం దాకా కలిసేదానికి లేదు, ఏమన్నా అవసరమా నాయనా, అమ్మగారికి చెప్పేదా అని అడిగింది.”

“మీరేమన్నారు?”

పాళెమంతటికీ వినపడేలా ప్రార్థన చెప్పే గొంతు, దేవకమ్మకు వినపడటానికి కూడా చాలలేదు.

“అవసరం ఏం లేదులే అమ్మా, ఊరికే వచ్చినా అన్నాను.”

“ఏందీ?” అంది దేవకమ్మ.

“ఊరికే వచ్చినా అన్నాను, వదినా.”

వారం రోజుల తర్వాత మొదటిసారి ఆ ఇంట్లో దేవకమ్మ గొంతు ఆగిపోయింది. గుమ్మం వదిలి, రెండు చేతులతో గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

“ఊరికేనా?” అంది. “నా వెంగి చావు నీకు ఊరికేనా, ప్రసాదం?”

“చస్తాదనుకోలేదు. ఆదివారం దాకా ఉంటాదనుకున్నా.”

“అనుకున్నావా!”

“పోయినేడు శీనయ్య వాళ్ళ అమ్మకు జబ్బు చేస్తే, మనవరాల్ని మౌనంలో నించి పిలిపిస్తానన్నాడు. వద్దన్నది నేనే. ఆ రోజులు దేవుడివిరా, మనం అడ్డం పోగూడదురా అని పదిమందిలో చెప్పినా. వాళ్ళు నా మాట విన్నారు. ముసిలామె బతికింది కూడా. ఇప్పుడు నా ఇంట్లో జబ్బొస్తే, నా బిడ్డను నేను పిలుచుకోని వస్తే, ఏమంటారు? ఉపదేశి మాటలు ఊరోళ్ళకేనా అనరా?”

“అంటే అనేవాళ్ళు! అంటే ఏమైతాదయ్యా?”

ఆ ప్రశ్నకు జవాబు ఉంటే గేటు దగ్గరే దొరికి ఉండేది.

సిస్టర్ బెర్నదీత ఒక అడుగు ముందుకు వేసింది. “ఒక్క మాట చెప్పి ఉంటే, ఉపదేశిగారూ, ఆ క్షణమే బండి కట్టించి పంపేదాన్నే. తల్లి మంచం దగ్గరికి పంపని ధ్యానం ఏం ధ్యానమండీ? ఇన్నేళ్ళుగా మీరే కదా మా నియమాలన్నీ అందరికీ విడమరిచి చెప్పేది. ఇంత మాత్రం మీకు తెలియదా?”

“తెలవలేదమ్మా.”

“వారం నించి నేను ఈయమ్మను నోటికొచ్చినట్టు తిడతా ఉంటే,” అంది దేవకమ్మ, “పక్కనే నిలబడి విన్నావు గదా. ఒక్కసారన్నా కాదు అన్నావా? నువ్వు దేవుడి మనిషివా?”

వరప్రసాదం చెప్పుల్లేని కాళ్ళతో ఎండలోకి దిగి, ప్రార్థన కొట్టం వైపు నడిచాడు. ఎవరూ ఆపలేదు.

సిస్టర్ అప్పుడు గుమ్మం వైపు చూసింది. లిదియమ్మ లోపలి నుంచి వచ్చి నిలబడి ఉంది. అంతా వింది. ఆ పిల్ల ముఖంలో దుఃఖం ఉంది, అలసట ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు. అది చూసి సిస్టర్‌కు లోపలెక్కడో భయమేసింది.

---

ఇంట్లో వెలుతురు తక్కువ. మూలన వెంగమ్మ నులకమంచం గోడకు నిలబెట్టి ఉంది. సిస్టర్ చాప మీద కూర్చుని లిదియమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది.

“మీ నాన్నగారి మీద కోపం పెట్టుకోకు తల్లీ. ఆయన తప్పు చేశారు. కానీ దేవుడి మీద గౌరవంతో చేశారు.”

“నాకు నాయన మీద కోపం లేదు, సిస్టర్.”

ఇంటికొచ్చాక ఆ పిల్ల నోట పలికిన మొదటి మాట అది. వాడక గొంతు బొంగురుపోయింది. బయట గోడకు ఆనుకున్న దేవకమ్మ ఆ గొంతు విని ముక్కు చీదింది.

“మరి ఎందుకు మాట్లాడటం లేదు?”

“మాట్లాడితే నిజం వస్తాదని.”

సిస్టర్ ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“నేను ఎప్పుడూ ఒక్కదాన్నే ఉండలేదు. ఈడ పొద్దున లేస్తే అరుపులు. చెరువు కాడ అరుపులు. ఒసే వెంగీ అని కళ్ళంలో అమ్మను పిలిచే అరుపు. బళ్ళో గంటలు, వంతులు, నువ్వు ఏ పాళెమే అని అడిగే పిల్లలు. మౌనం పెట్టినప్పుడు మొదట నాకు భయమేసింది. ఎవరూ పలకరించకపోతే నేనసలు ఉండానా లేదా అనిపించింది. తరవాత శుక్రవారం పొద్దున, కోనేటి గట్టు మీద కూర్చోని ఉంటే... ఎట్ట చెప్పేది సిస్టర్? నా లోపల నా గొంతు నాకు వినపడింది. నాకేం కావాలో తెలిసింది. నేను చెడ్డదాన్ని కాదని తెలిసింది. ఒక్కదాన్నే కూర్చోని నవ్వుకున్నా. పుట్టినాక అంత సుఖంగా నేనెప్పుడూ లేను.”

“అది దేవుడిచ్చిన వరం, లిదియా. ధ్యానాలు పెట్టేది అందుకే. అందరికీ దొరకదు.”

“అది శుక్రవారం, సిస్టర్. తలుపు కిర్రుమన్నప్పుడల్లా అమ్మ ‘లిదియ వచ్చిందా’ అని అడగతా ఉండిందంట. నాయన అడగలేదన్నాడు. పాళెంలో అందరూ అడిగిందన్నారు. ఈడ ఆమె అడగతా ఉంటే ఆడ నేను నవ్వుకుంటా ఉండా.”

“నీకు తెలియదు కదమ్మా. తెలియకుండా జరిగింది పాపం కాదు.”

“తెలుసు.”

సిస్టర్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

“నాయన్ను చూసినా. గేటు చువ్వల అవతల నిలబడి తువాలుతో మెడ తుడుచుకుంటా ఉండాడు. పనీపాటా వదిలిపెట్టి నాయన ఆ ఎండలో ఊరికే రాడు. అమ్మకు ఏదో అయిందని అప్పుడే అనుకున్నా. నేను బడికి పోయేనాడే ఆమెకు ఒళ్ళు కాలతా ఉండింది. నాయన నన్ను చూసినాడు. నేను తల దించుకోని మన బడి గుళ్ళోకి పోయినా.”

“నియమం తప్పకూడదనా?”

“అట్ట చెప్పుకోవచ్చు. ఎవరన్నా అడిగితే అట్నే చెప్దామనుకున్నా. కానీ అది కాదు, సిస్టర్. గేటు కాడికి పోతే ఏదో చెడ్డమాట చెప్తాడు, ఆ సుఖం పోతాది. ఇంకొక్క పూట ఉంచుకుందామనుకున్నా. ఒక్క పూటే.”

ఆత్మపరిశోధన అంటే ఏమిటో సిస్టర్ బెర్నదీత ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతూ వచ్చింది. దాచుకోకుండా లోపలికి చూసుకోండి అని ఎన్ని ప్రసంగాలు చేసిందో! వాళ్ళు అబద్ధాలాడామనీ, చక్కెర దొంగిలించామనీ వచ్చి చెప్పేవాళ్ళు. నిజంగా లోపలికి చూసుకున్న పిల్ల ఇప్పుడు పక్కన కూర్చుని ఉంటే, ఆ పిల్లను ఏం చేయాలో ఆమెకు తోచలేదు. తను నేర్పిన విద్యే ఇది. అనుమానం లేదు.

ఆ చెయ్యి వదలకుండా ఆమె అంది. “ఈ మాట మీ నాన్నగారికి చెప్పు.”

“చెప్పలేను.”

“చెప్పాలి. తప్పంతా తనదే అనుకుని ఆయన ఒక్కడే మోస్తున్నాడు. నువ్వు ఒక్కదానివే మోస్తున్నావు. ఒకే ఇంట్లో ఇద్దరూ చెరో మూల. వెళ్ళి చెప్పు. ఆయన్ను నాలుగు తిట్లు తిట్టనీ, ఏడవనీ. తర్వాత నాతో రా. పరీక్ష రాయి. మీ అమ్మ అడిగిన కుర్చీ ఒకటి ఉంది కదా, అది ఖాళీగా వదిలేస్తావా?”

లిదియమ్మ మంచం వైపు చూసింది. కుర్చీ అన్న మాట దగ్గర ఆ పిల్ల కళ్ళలో మొదటిసారి నీళ్ళు తిరిగాయి.

“చెప్తే నాయన నన్ను పంపిస్తాడా?”

“పంపిస్తారు.”

లిదియమ్మ లేచింది. రేకుపెట్టె మూత తీసి, బట్టలు సర్దుకుంది. ఎవరూ చెప్పకుండానే చల్లారిన సంగటి రెండు ముద్దలు తిని నీళ్ళు తాగింది.

వాకిట్లో దేవకమ్మ ఆ పెట్టె తానే ఎత్తుకుంది. ఆమె ముఖం వాచి ఉంది. సిస్టర్ వైపు చూడలేక బండి వైపు చూస్తూ మాట్లాడింది.

“తీసకపోమ్మా. నేను అన్నవన్నీ మనసులో పెట్టుకోవద్దు. ఈ ఇంట్లో ఉండేకంటే మీ కాడ ఉండేదే మేలు. మ్మే లిదియా, కుర్చీలో కూచోవాల, తెలిసిందా? నేను కొండాపురం నించి వచ్చి చూసి పోతా.”

చెంగున కట్టిన బెల్లంముక్క విప్పి పిల్ల గుప్పిట్లో పెట్టింది. పెట్టె బండెక్కింది. వారం రోజులుగా ఆ వాకిట్లో ఎవరి పనీ ఇంత సాఫీగా జరగలేదు.

“నాయనకు చెప్పి వస్తా,” అంది లిదియమ్మ.

---

ప్రార్థన కొట్టం అంటే మట్టిగోడలు, తాటాకు కప్పు, లోపల ఒక బల్ల మీద సిలువ. వరప్రసాదం బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. కూతురి అడుగుల చప్పుడు విని లేవబోయి, లేవలేదు.

“పోతా ఉండావా, తల్లీ?”

“పోతా, నాయనా. నీకొక మాట చెప్పి పోతా.”

కూతురి గొంతు విని ఆయన కళ్ళు మెరిశాయి. ఆ గొంతు కోసం ఆయన ఎంత అల్లాడాడో ఆయనకే తెలుసు.

“ఆ రోజు నిన్ను చూసినా. గేటు కాడ. కావాలనే రాలేదు. మౌనం కోసం కాదు. నా సుఖం కోసం రాలేదు.” ఒక్క గుక్కలో చెప్పేసి నిలబడింది. తిట్టు కోసం, దెబ్బ కోసం కాచుకున్నట్టు నిలబడింది.

వరప్రసాదం తిట్టలేదు.

“చూసినావని నాకు తెలుసు.”

“తెలుసా?”

“మన చూపులు కలిసినాయి గదా. నువ్వు తల దించుకోని గుళ్ళోకి పోయినావు. నేను చూస్తానే ఉండా.”

“మరి నన్ను ఒక్క మాట అనలేదే?”

“ఏమనేది? తప్పు చేసింది నేను. నువ్వు చిన్నబిడ్డవి. సుఖంగా ఉండాలనుకునేది తప్పా? ఆ ఇంట్లో నీకు నేనేం సుఖం ఇచ్చినా?” ఆయన చేయి చాచాడు. “రా, ఈడికి రా.”

లిదియమ్మ వెళ్ళి తండ్రి పక్కన కూలబడింది. ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తల్లి పోయినప్పటి నుంచి దాచిన ఏడుపు అంతా అప్పుడొచ్చింది. ఆయన కూతురి వీపు నిమురుతూ కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ అక్కడితో లేచి ఉంటే ఎంత బాగుండేది! బండి సిద్ధంగా ఉంది, పెట్టె ఎక్కింది, పొద్దు ఇంకా ఉంది.

కానీ ఆ పిల్ల లోపలికి చూసుకోవడం నేర్చింది. ఒకసారి నేర్చాక సగంలో ఆపడం ఎవరి తరమూ కాదు.

కళ్ళు తుడుచుకుని అడిగింది.

“నాయనా, ఇంటికొచ్చి అమ్మకు ఏం చెప్పినావు?”

వీపు మీద చెయ్యి ఆగింది.

“ఎప్పుడు?”

“ఆ శుక్రవారమే. నాకోసం పోయి ఒక్కడివే వస్తే ఆమె అడిగి ఉంటాది గదా. ఏం చెప్పినావు?”

“బండి కాచుకోని ఉండాది, తల్లీ. ఎద్దులు ఎండలో...”

“అమ్మ నన్ను అడగలేదన్నావు. అబద్ధం. ఆమె అడిగిందని అందరూ చెప్పినారు. నేను నీకు నిజం చెప్పినా గదా. నువ్వూ చెప్పు.”

వరప్రసాదం బల్ల మీది సిలువ వైపు చూశాడు. ఎన్నో ఇళ్ళలో, ఎందరో పోయేవాళ్ళ పక్కన, వాళ్ళకు ధైర్యంగా ఉండే మాట ఎంచి చెప్పిన మనిషి. సొంత ఇంట్లో ఆ తెలివి ఎటు పోయిందో!

“నేను సంతోషంగా చెప్పినా, లిదియా. గొప్పగా చెప్పినా. ఆమెకూ గొప్పగా ఉంటాదనుకున్నా.”

“ఏమని?”

“‘వెంగీ, నీ కూతురు నన్ను కళ్ళారా చూసింది. తండ్రి వచ్చి గేటు కాడ నిలబడినా తల దించుకోని గుళ్ళోకి పోయింది. మౌనం తప్పలేదు. చూడు, ఎంత గట్టిదో మన బిడ్డ’ అన్నాను.”

లిదియమ్మ ఆయన భుజం మీది నుంచి తల ఎత్తింది.

“అమ్మ ఏమనింది?”

“‘అట్నా’ అనింది.”

“ఇంకా?”

“అంతే. ‘అట్నా’ అని, గోడవైపు తిరిగి పడుకునింది. నేను జపం మొదలుపెట్టినా. నేను ఒక మాట చదివితే తను ఒక మాట పలికేది ఎప్పుడూ. ఆ పొద్దు పలకలేదు. నీరసమేమో అనుకున్నా.” ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “నిన్ను అడగలేదని నేను చెప్పింది అబద్ధం కాదు, తల్లీ. అంతకుముందు అడిగింది. ఆ మాట విన్నాక అడగలేదు. తలుపు చప్పుడైనా అటు తిరగలేదు. తెల్లారేదాకా అట్నే ఉండి, పోయింది.”

బయట రోశయ్య ఎద్దులను కాడికి కడుతున్నాడు. మెడగంటలు మోగాయి.

“లిదియమ్మా! పొద్దు వాలతా ఉండాదమ్మా! సిస్టరమ్మ ఎక్కింది, రా!”

లిదియమ్మ లేచి నిలబడింది. గుప్పిట్లో బెల్లంముక్క చెమటకు కరిగి వేళ్ళకు అంటుకుని ఉంది. దాన్ని చూసుకుంది.

“అట్నా,” అంది.

ఆ ఒక్క మాటే. గొంతు కూడా అదే. వరప్రసాదం ఉలిక్కిపడి ముఖం మీది చేతులు తీశాడు. మంచం మీద, గోడ వైపు తిరగబోయే ముందు, వెంగమ్మ అన్నది సరిగ్గా ఇలాగే.

“లిదియా! తల్లీ, నా మాట విను. నేను తెలవక...”

లిదియమ్మ తల దించుకుంది. చూపు నేల మీద నుంచి ఎత్తకుండా, ఆ రోజు గేటు అవతల ఎలా నడిచిందో అలాగే, తండ్రి పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది.

ఆయన బల్ల కాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. బయట దేవకమ్మ ఏదో గట్టిగా అరిచింది. సిస్టర్ గొంతు కూడా వినపడింది. కాసేపటికి బండి కదిలింది. చక్రాల చప్పుడు చెరువు కట్ట మీదికి ఎక్కి, ఆత్మకూరు దారి పట్టింది.

అందులో కూతురు ఉందో లేదో లేచి చూసే ధైర్యం వరప్రసాదానికి లేకపోయింది.